అడుక్కొచ్చిన ఊలు

ఈ మధ్య కుట్టు అల్లికల కేంద్రంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఏ పుస్తకం చూడాలి, డిజైన్లు ఎక్కడ దొరుకుతాయి, ఊలు ఎక్కడ కొనాలి అని అడిగారు. నేను చెప్పడం మొదలుపెడితే టీలు చల్లారిపోయాయి గానీ నా మాటలు పూర్తి కాలేదు. నోటితో చెప్పింది గుమ్మం దాటేసరికి సగం పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఊలు అల్లిక టీచరుగా చేరాను. ఎక్కువ కాలం నిజామాబాద్‌లో, మధ్యలో కొన్నేళ్ళు బోధన్‌లో పనిచేశాను. ఎప్పుడు పర్మనెంటు అయింది, ఎవరు ఎవరి మీద పైకి రాశారు, ఇలాంటివి రాయను. వాటిని చదివి బాగుపడ్డవాళ్ళు ఎవరూ లేరు. పని గురించి మాత్రం రాస్తాను.

ఈ ఎండల్లో ఊలెందుకు

ఈ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు లేరు. మా అత్తగారు అడిగింది, రిక్షావాడు అడిగాడు, చివరికి నాకు జీతం లెక్కకట్టే గుమాస్తా కూడా అడిగాడు. నిజామాబాద్ ఎండలు తెలిసినవాళ్ళు అడగకుండా ఎలా ఉంటారు? మనవాళ్ళకు ఊలు అంటే కురుమలు నేసే గొంగడి. కప్పుకుంటారు, పరుచుకుంటారు, వాన వస్తే నెత్తిన వేసుకుంటారు. రంగురంగుల సన్నటి ఊలు ఒళ్ళో పెట్టుకుని అల్లడం పెద్దిళ్ళ ఆడవాళ్ళ సోకు అనుకునేవారు.

బోధన్ వెళ్ళాకే నాకు జవాబు దొరికింది. చెరకు ఆడే కాలమంతా అక్కడ చలికాలమే. చక్కెర ఫ్యాక్టరీలో పాకం మరిగే చోట పనిచేసే మనిషి ఒళ్ళంతా చెమటతో షిఫ్టు దిగి, పొద్దున్నే చలిగాలిలోకి వస్తాడు. గేటు బయట చెరకు బండ్లవాళ్ళు గొంగడి ముసుగేసుకుని చొప్పమంట చుట్టూ కూర్చుని ఉంటారు. సీజను మొదలైందంటే క్వార్టర్లలో ఏ ఇంటి ముందు నిలబడ్డా లోపలి నుంచి దగ్గు వినిపించేది. "మా ఆయినకు మఫ్లరు అల్లాలె, నేర్పియ్యి టీచరమ్మా" అని ఆడవాళ్ళు వచ్చేది అందుకే. నా క్లాసు ఆ మఫ్లర్ల మీదే నిలబడింది. పూల డిజైన్లు, జాలీ అల్లికలు అన్నీ ఆ తర్వాతే.

ఎండలో చూడండి

నిజామాబాద్ బజారులో కరీం సాబ్ అనే ఆయన ఊలు, దారాలు, గుండీలు అమ్మేవాడు. పొడుగ్గా, చీకటిగా ఉండే దుకాణం. ఏ ఊలు లచ్చి చేతికిచ్చినా వెంటనే, "బయటికి వొయ్యి ధూప్‌ల సూడమ్మా, గీడ అన్ని రంగులు ఒక్కతీరుగనే కనవడ్తయి" అనేవాడు. తన సరుకు మీద తానే అనుమానం పుట్టించే వ్యాపారిని ఇంకొకణ్ణి నేను చూడలేదు. ఆయన దగ్గర కొన్న ఊలుతో ఎవరూ ఎప్పుడూ గొడవకు రాకపోవడానికి కారణం అదే.

రంగు నంబరు ఒకటే అయినా ఒక కాగులో వేసిన రంగు మరో కాగులో అలాగే పడదు. లచ్చి మీద చీటీలో లాటు నంబరు వేరుగా ఉంటుంది, అది కలుస్తోందో లేదో చూసుకోండి. ఒక లచ్చి ఎక్కువే కొనండి, మిగిలితే టోపీ అవుతుంది. నా దగ్గర నేర్చుకున్న ఒక ఆఫీసరు గారి భార్య ఆయనకు స్వెట్టరు అల్లుతూ, ఊలు చాలక, రెండో చెయ్యికి తర్వాత తెచ్చిన లచ్చి వాడింది. ఇంట్లో దీపం కింద బాగానే ఉంది. ఆ స్వెట్టరు వేసుకుని పెళ్ళికి వెళ్తే పందిట్లో ఆయన ఒక చెయ్యి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు కనిపించాడు. ఆ పెళ్ళి ఫోటోల్లో ఆయన ఆ చెయ్యిని వీపు వెనకే దాచుకుని ఉన్నాడు. ఇలా రెండు లాట్లు వాడక తప్పకపోతే, కొంత దూరం రెండు వరసలు పాతదీ రెండు వరసలు కొత్తదీ అల్లుతూ పోండి. కన్ను పట్టుకోలేదు.

గంజి, భట్టి, పసుపు

అల్లడం సగం పని. సూదులు దించాక ఉండేది మిగతా సగం. దాన్ని నేర్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా మనవాళ్ళది నూలు బట్టల అలవాటు. నా మొదటి బ్యాచిలో ఒకామె భర్త స్వెట్టరుకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించింది. అది అట్టలా బిగుసుకుపోయి, పాపం ఆయన చేతులు కిందికి దించలేక అవస్థపడ్డాడు. ఇంకొకామె చాకలికి వేసింది. అతను భట్టిలో సోడా వేసి ఉడకబెట్టాడు. ఆరడుగుల మనిషి స్వెట్టరు ఆయన కొడుక్కి కూడా పట్టనంతగా ముడుచుకుపోయి వచ్చింది. చాకలిదేం తప్పు? బట్ట ఇస్తే ఉడకబెట్టడం అతని పని.

ఇక పసుపు. కొత్త బట్ట కొసకు పసుపు పెట్టకుండా తొడిగే ఇల్లు మన జిల్లాలో ఎక్కడుంది? నూలు మీద నాలుగు ఉతుకులకు పోతుంది. తెల్ల ఊలు మీద పడితే అది అక్కడే కాపురం పెడుతుంది. సబ్బు తగిలితే ఎర్రగా మారుతుంది. మోర్తాడ్ నుంచి వచ్చే ఒకమ్మాయి ఆ ఎరుపు చూసి రక్తం అనుకుని ఏడ్చింది. పసుపు పెట్టొద్దని చెప్పి చూశాను, వినరు. లోపలి వైపు, కుట్టు మడతలో పెట్టండి అన్నాను, విన్నారు. ఊలును గోరువెచ్చటి నీళ్ళలో కుంకుడు రసంతో ఉతకాలి. పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కాలి. దండెం మీద వేయకూడదు, నీడలో మంచం మీద పాత దుప్పటి పరిచి, కొలతకు సర్ది ఆరబెట్టాలి. ఇంతే. కానీ ఇంత చెప్పినా దండెం మీద వేసేవాళ్ళు వేస్తూనే ఉంటారు.

పుస్తకంలో మొదటి పాఠం

మా క్లాసులన్నిటి మీదా ఒక అధికారిణి ఉండేవారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. మేము పెద్దమేడం అనేవాళ్ళం. పని తెలిసినవారు, కష్టపడేవారు, మా క్లాసులకు రావలసిన ఊలు కోసం పైవాళ్ళతో పోట్లాడేవారు. ఒక్కటే చిక్కు, పుస్తకంలో ఉన్నది మార్చడానికి ఒప్పుకునేవారు కాదు. ఆవిడ దగ్గర విదేశీ అల్లికల పుస్తకం ఒకటి ఉండేది. అందులో మొదటి పాఠం పుట్టబోయే పాపకు తెల్ల ఊలుతో కోటు, టోపీ, మేజోళ్ళు. ఊలు తక్కువ పడుతుంది, త్వరగా పూర్తవుతుంది, అన్ని రకాల కుట్లూ వస్తాయి. పాఠంగా చూస్తే మంచిదే. ప్రతి క్లాసూ ఆ సెట్టుతోనే మొదలుపెట్టాలని, ఎగ్జిబిషన్‌కి ఒకటి పంపాలని ఆర్డరు వేశారు.

బోధన్‌లో ఆ పాఠం నల్లబల్ల మీద రాశాను. మర్నాటికి సగం మంది రాలేదు. ఆ తర్వాత ఇంకా తగ్గారు. ఏమైందని అడిగితే ఒకరికి చుట్టాలొచ్చారట, ఒకరికి నడుము నొప్పట. వచ్చిన కొద్దిమంది ఒళ్ళో మఫ్లర్లే పెట్టుకుని కూర్చున్నారు. తెల్ల ఊలు పెట్టెలోనే ఉండిపోయింది.

ఫ్యాక్టరీలో ఫిట్టరు భార్య జులేఖా బీ నా పాత శిష్యురాలు. ఉన్నమాట మొహం మీద అనే మనిషి. చివరికి ఆమే నన్ను పక్కకు పిలిచింది.

"టీచరమ్మా, గీల్లల్ల ఎంతమంది కడుపుతోని ఉన్నరో సూసినవా?"

"చూసిన. అందుకే గదా పిల్లల సెట్టు."

"అందుకే వస్తలేరు. కడుపుతోని ఉన్నోల్లు పుట్టకముందు పిల్ల బట్ట ముట్టరు. లేనోల్లు గది ఒళ్ల వెట్టుకుంటె, ఎవలకని అడుగుతరు గద. ఏం జెప్పాలె?"

మా ఇంట్లోనూ అంతే. బిడ్డ పుట్టకముందు బట్ట కత్తిరించరు, పుట్టాక మొదట తొడిగేది పాత బట్టే. కానీ చేతిలో పుస్తకం ఉంటే ఇంటి సంగతి ఎవరికి గుర్తొస్తుంది? ఆర్డరు సంగతి తర్వాత చూసుకుందామని మఫ్లర్లకే తిరిగి వచ్చాను. వారంలో క్లాసు నిండింది.

సాయవ్వ

అలా తిరిగి వచ్చినవాళ్ళలో సాయవ్వ ఒకతి. పుట్టిల్లు కోటగిరి. భర్త పాకం మరిగే చోట పనిచేస్తాడు. ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఇద్దరూ చలికాలంలోనే పుట్టారు, ఇద్దరూ నెల దాటలేదు. ఇప్పుడు మూడో కాన్పు, అదీ పుష్యమాసంలోనే. ఆసుపత్రి డాక్టరమ్మ ఆమెను నా దగ్గరికి పంపింది. నీ పిల్లలు చిన్నగా పుడుతున్నారు, చల్లబడిపోతున్నారు, ఈసారి పుట్టిన ఘడియ నుంచి ఊలులో ఉంచాలి అని చెప్పిందట. అది నిజం. నూలు గుడ్డ తడిస్తే చల్లబడుతుంది, ఊలు తడిసినా వేడిని వదలదు.

సాయవ్వ రోజూ వచ్చేది. గోడకు ఆనుకుని భర్త మఫ్లరు అల్లేది, ఇప్పేది, మళ్ళీ అల్లేది. బిడ్డకు ఎందుకు అల్లడం లేదని ఒకరోజు అందరూ వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను.

"డాక్టరమ్మ చెప్పింది నిజమే టీచరమ్మా. మా అత్త చెప్పింది గూడ నిజమే. నేను ఎవల మాట ఇనాలె?"

"మీ అత్త ఏమన్నది?"

"కొత్తది ఏదీ ముట్టియ్యొద్దన్నది. పుట్టకముందు ఏదీ తయారు చేసి పెట్టొద్దన్నది. మొదటిదానికి మా అవ్వ అంగీ కుట్టి పెట్టింది. రెండోదానికి మా ఆయిన నిజామాబాద్‌ల కొనుక్కొచ్చిండు. రెండంగీలు గట్లనే ఉన్నయి పెట్టెల."

ఆమె ఏడవలేదు. సూది మీది కుట్లు ఎంచుకుంటూ చెప్పింది. మర్నాడు అత్తతో తేల్చుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను.

అత్త పేరు నర్సవ్వ. నేను చెప్పిందంతా విన్నది. తడి, వేడి, ఊలు, నూలు అన్నీ విన్నది. విని, "నీకు పిల్లలున్నరా?" అని అడిగింది.

"ఇద్దరు."

"ఇద్దరు బతికిండ్రా?"

"బతికిండ్రు."

"గట్లయితె నీకు ఎరుక లేదు. కూసో, చాయ్ తాగు."

తేల్చుకోవడానికి వెళ్ళినదాన్ని చాయ్ తాగి వచ్చాను. ఆమె పద్ధతి ఆమెకుంది. పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డ పుడితే, పిల్లలు నిలిచిన ఇళ్ళకు పోయి పాత గుడ్డ ముక్కలు అడుక్కొచ్చి అందులోనే చుడతారు. పేరు కూడా పెంటయ్య, పెంటమ్మ అని పెడతారు. "ఎవలకు అక్కరకు రాని దాన్ని ఎవడు ఎత్కపోతడు?" అంటుంది నర్సవ్వ. ఇల్లిల్లూ తిరగడం అప్పటికే మొదలుపెట్టింది.

ఆ తిరుగుళ్ళలో జులేఖా బీ ఇంటికీ వెళ్ళిందట. జులేఖా బీ కొడుకు పాత కుర్తా ముక్క చింపి ఇచ్చింది. మర్నాడు క్లాసులో అందరి ముందూ నన్ను అడిగింది.

"టీచరమ్మా, అంగీ ముక్క అడుక్కోవచ్చు గని ఊలు అడుక్కోవద్దని యాడన్న ఉన్నదా? మా పిల్లగాని పాత స్వెట్టరు ఉన్నది, ఇప్పి ఇస్త. పాత అంగీ ఎట్లనో పాత ఊలు గట్లనే గద?"

సాయవ్వ సూదులు ఆగిపోయాయి. ఊలుతోనే బతికే నాకు ఈ ఆలోచన రాకుండా ఆమెకు వచ్చినందుకు కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

నర్సవ్వ రెండు రోజులు ఆలోచించి షరతులు చెప్పింది. ఒక్క పోగు కూడా కొత్తది కలవకూడదు. సాయవ్వ చెయ్యి వేయకూడదు, నేనే అల్లాలి. బిడ్డ ఏడుపు వినబడేదాకా దాన్ని ముగించకూడదు. ఆపైన ఇంకొకటి కూడా చెప్పింది, అది నాకు అసలు నచ్చలేదు.

"అల్లేది నువ్వయితె నువ్వు గూడ నాతోని అడుక్క రావాలె. అడుక్కున్న చెయ్యితోనే అల్లాలె."

కొంగు పట్టి

ప్రభుత్వ జీతం తీసుకునే టీచరును, క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి కొంగు పట్టాలా అని నాకు చిర్రెత్తింది. వాళ్ళలో సగం మంది నా శిష్యురాళ్ళు. కానీ పెట్టెలో ఉన్న ఆ రెండంగీల మాట గుర్తొస్తే కోపం నిలవలేదు. వెళ్ళాను. మొదటి గుమ్మం దగ్గర నర్సవ్వే అడిగింది. మూడో ఇంటికి నేనే అడిగాను.

జులేఖా బీ స్వెట్టరు ఇప్పి ఆకుపచ్చ ఊలు ఇచ్చింది. సీజన్ గుమాస్తా ఇంట్లో చిమ్మెట కొట్టిన నల్ల మఫ్లరు ఇచ్చారు. ఒక మరాఠీ ముసలావిడ మనవడి టోపీ ఇస్తూ, తన కాలంలో తనకూ ఇలాగే అడుక్కొచ్చారని చెప్పింది. తంటా అంతా ఇంజనీరు గారింట్లో వచ్చింది. ఆ అమ్మగారు మంచిది. మా మాట పూర్తిగా వినకుండానే లోపలికి పోయి చీటీ కూడా విప్పని కొత్త ఊలు, గులాబీ రంగుది, తెచ్చి కొంగులో వేసింది. నర్సవ్వ దాన్ని నిప్పును తీసినట్టు తీసి గట్టు మీద పెట్టింది. "కొత్తది వద్దమ్మా. నీ కొడుకు తొడిగి పారేసింది ఉంటె ఇయ్యి" అన్నది. అమ్మగారి మొహం మాడిపోయింది. ఇస్తానంటే వద్దనే బిచ్చగాళ్ళను ఆమె ఎన్నడూ చూసి ఉండదు. విషయం నేను వివరంగా చెప్పాక, మోచేతులు చిరిగిన కొడుకు బడి స్వెట్టరు తెచ్చి ఇచ్చింది, మెరూన్ రంగుది. ఇచ్చి, గుమ్మంలోనే నిలబడి మేము వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

పాత ఊలుతో పని

ఇది కొత్తవాళ్ళు శ్రద్ధగా చదవండి. ఇప్పిన ఊలు నూడిల్సు మాదిరి వంకర్లు తిరిగి ఉంటుంది. అలాగే అల్లితే అల్లిక ఎగుడుదిగుడుగా వస్తుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల నూలుదారంతో వదులుగా కట్టి, కుంకుడు నీళ్ళలో ముంచి తీయాలి. తడిగా ఉండగానే కింద చిన్న చెంబు వేలాడదీస్తే ఆరేసరికి వంకర పోతుంది. చెంబు బరువైతే ఊలు సాగి ప్రాణం పోతుంది.

రకరకాల మందాలు వచ్చాయి. సన్నదాన్ని రెండు పోగులుగా కలిపాను, మధ్యరకం దానికి ఇంకో సన్నది జోడించాను. ప్రతిదానితో అరచేతిలో పట్టేంత ముక్క అల్లి, వెడల్పు సమానంగా వచ్చాకే పని మొదలుపెట్టాను. ముడులు వేయలేదు. పసికందు ఒంటికి ముడి గుచ్చుకుంటుంది. రెండు కొసలనూ కొంచెం విడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఉమ్మితో తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అవి కలిసిపోతాయి. గుంజినా రావు. ఊలుకు మాత్రమే ఉన్న గుణం ఇది.

ఏం అల్లాలి? కోటంటే చేతులు, కుట్లు, కొలతలు. పుట్టబోయే బిడ్డ ఎంత ఉంటుందో ఎవరికి తెలుసు? అందుకని మేజోడు అల్లే పొట్టి సూదుల మీద గుండ్రంగా, మెడ దగ్గర సాగే పట్టీతో మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ పోయాను. బిడ్డను మెడదాకా దోపేసే సంచి. అడుగున నాడా గుంజి కట్టుకోవచ్చు, తడిసిన గుడ్డ మార్చాలంటే విప్పుకోవచ్చు. నర్సవ్వ చూసి, "మనిషంత మేజోడు అల్లినవు" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆఖరి వరస మూయకుండా, కుట్లన్నీ సూదుల మీదే ఉంచి నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఇగ మూయి

అనుకున్న దానికంటే ముందే నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం క్లాసులో ఉండగా కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి నర్సవ్వ ఆసుపత్రి వరండాలో గోడవారన కూర్చుని ఉంది. పక్కన కూర్చుని అల్లిక ఒళ్ళోకి తీసుకున్నాను. లోపల డాక్టరమ్మ గొంతు, నర్సు గొంతు. తర్వాత సాయవ్వ అరుపు. తర్వాత ఏమీ లేదు.

ఎంతసేపో చెప్పలేను. ఫ్యాక్టరీ కూత వినిపించింది, షిఫ్టు మారింది, గేటు వైపు సైకిళ్ళు పోయాయి. లోపల ఎవరూ మాట్లాడటం లేదు. నర్సవ్వ మొహం గోడ వైపు తిప్పుకుంది. నాకు భయమేసింది. ఈ మూయని సంచి తీసుకుని నేను ఇంటికి ఎలా వెళ్ళాలి అన్న ఆలోచన వచ్చింది. అది తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోయాను.

అప్పుడు సన్నగా, ఆగి ఆగి, ఏడుపు. నేను సూది అందుకున్నాను. నర్సవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఇంకొక్కసారి ఏడ్వనీ."

ఆగాను. రెండో ఏడుపు కొంచెం గట్టిగా వచ్చింది. ఆమె చెయ్యి వదిలింది.

"ఇగ మూయి బిడ్డా."

ఎంతోమందికి నేర్పిన పని, నాకే రాలేదు. ఒక కుట్టు జారి కిందికి పోయింది. దాన్ని పట్టుకుని పైకి తెచ్చేసరికి కళ్ళకు నీళ్ళడ్డం. నర్సవ్వ సంచి రెండో కొస పట్టుకుని, "నిమ్మలంగ, నిమ్మలంగ, యాడికి వోతది" అంటూ కూర్చుంది. మూసేశాను. కొసను లోపలి వైపు కుట్ల వెంట సూదితో దూర్చి దాచేశాను, నాడా ఎక్కించాను. ఆడపిల్ల. చేతిలో పెడితే బరువే లేదు. ఆ సంచిలో దోపితే మొహం ఒక్కటే కనిపించింది.

ఊలు ఆ బిడ్డను బతికించిందని నేను అనను. డాక్టరమ్మ వేడినీళ్ళ సీసాలు గుడ్డల్లో చుట్టి పక్కన పెట్టించింది, తల్లి పాలు చెంచాతో పట్టించింది, నెలరోజులు రోజూ వచ్చి చూసింది. నర్సవ్వను అడిగితే ఇంకో లెక్క చెబుతుంది. ఇద్దరిలో ఎవరితోనూ నేను వాదించలేదు. పిల్ల నెల దాటింది. రెండో నెల దాటింది. పెంటమ్మ అని పేరు పెట్టారు, అందరం పెంటి అనేవాళ్ళం.

పెద్దమేడం వచ్చినప్పుడు

చలి తగ్గే రోజుల్లో పెద్దమేడం తనిఖీకి వచ్చారు. తెల్ల సెట్టు లేదు. సాయవ్వ ఒళ్ళో రంగురంగుల సంచిలో పెంటి నిద్రపోతోంది.

"ఇదేమిటండీ, గోనెసంచిలా ఉంది? నేను చెప్పిన సెట్టేదీ?" అన్నారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ వంగి, సంచి అంచు తిప్పి లోపలి వైపు చూశారు. వేలితో వరసలన్నీ తడిమారు. ముడుల కోసం వెతుకుతున్నారని నాకు తెలుసు. ఎన్ని లోపాలున్నా పని చూడటం తెలిసిన మనిషి.

"ఇది ఎగ్జిబిషన్‌కి పంపించండి," అన్నారు నిటారుగా నిలబడి.

సాయవ్వ తలెత్తి, "ఎట్ల పంపాలె మేడం, పిల్ల దాంట్లనే ఉన్నది" అన్నది.

పెద్దమేడం నవ్వేశారు. ఆ తర్వాత వచ్చిన ఆర్డరులో మొదటి పాఠం టీచరు ఇష్టం అని ఉంది. తాను పొరబడ్డానని మాత్రం ఆవిడ ఎన్నడూ అనలేదు. అనాలని నేనూ అనుకోలేదు.

కొస

ఆ మరుసటి చలికాలం చివరలో సాయవ్వ సంచి పట్టుకుని క్లాసుకు వచ్చింది. వెనకాల పెంటి, గోడ పట్టుకుని నడుస్తూ. సంచి ఎప్పుడో చిన్నదైపోయింది.

"ఇప్పియ్యి టీచరమ్మా," అన్నది.

క్వార్టర్లలో ముగ్గురు కడుపుతో ఉన్నారట. నిలిచిన పిల్ల తొడిగిన ఊలు అని తలా ఒక పోగు అడుగుతున్నారట. నాకు ఇష్టం లేదు. నా చేత్తో అల్లినవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు. ఎప్పటికైనా అడిగి తీసుకుని దాచుకుందామని మనసులో ఉంది. ఆ మాటే అన్నాను. ఉండనీ, వాళ్ళకు వేరే పాత ఊలు చూద్దాం అన్నాను.

"మా అత్త వద్దన్నది. అడుక్కున్నది దాసుకుంటె మనదైతదంట. మనదని ఎరుకైతె మల్ల భయమేనంట." సంచిని తడుముతూ, "నాకు గూడ ఇప్పబుద్ధి అయితలేదు టీచరమ్మా. రాత్రంత ఒళ్ళనే పెట్టుకున్న. గని ఇప్పాలె," అన్నది.

ఇద్దరం కూర్చున్నాం. సాయవ్వ కొస కోసం ఎంత వెతికినా దొరకలేదు. దాచింది నేను, నాకే దొరకలేదు. చివరికి వెలుతురులోకి తీసుకుపోయి, సూదిమొనతో ఒక్కో కుట్టూ కదిలించి చూసి పట్టుకున్నాను. మొదటి కుట్టు విప్పేటప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాను. సాయవ్వ నా వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పెంటి వచ్చి నా మోకాలు పట్టుకుని నిలబడింది. ఊగుతున్న దారాన్ని చూసి చెయ్యి చాచింది. ఇచ్చాను. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, నా మోకాలు వదిలేసి, ఒక్కతే గుమ్మం వైపు నడిచింది. వెనకాల ఊలు ఊడి వస్తోంది. నల్లది అయిపోయి మెరూన్ వచ్చింది, మెరూన్ అయిపోయి ఆకుపచ్చ వచ్చింది. ఆమె పడిపోకుండా, దారం ఎక్కడా పట్టేయకుండా, నేను సంచిని రెండు చేతుల్లో తిప్పుతూ వదులుతూ కూర్చున్నాను.